కొత్వాల్‌కు జామీను

బీదర్, గంజ్
ఆగస్టు 11, 2025

భాగ్యజ్యోతమ్మకు కిష్టప్ప నమస్కారాలు.

సోమవారం. తెల్లారినప్పటి నుంచి ముసురు. సాహుకారు కూర్చునే గద్దె మీది దిండు గలీబు మార్చి, పాతది ఉతకడానికి వేశాను.

రోజు చిట్టాలో మొదటి వరుస ఇలాగే రాయడం నాకు అలవాటు. ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక దీన్నీ అలాగే మొదలుపెట్టాను. ఇన్నేళ్లుగా కమలనగర్ శాఖకు నేను పంపినవన్నీ ధరలు, లారీ నంబర్లు. ఉత్తరం ఇదే మొదలు. కారణం ఇది.

మన పక్కనున్న ధాన్యం అడత్ దుకాణంలో పోయిన వారం కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. ఎవరో ఎక్కడో కూర్చుని వాళ్ల లెక్కలకు తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు పంపమని తెర మీద రాశారట. ఇంటర్నెట్ తీగలోంచి వచ్చిందని అనగానే మన సాహుకారు విఠల్‌రావుగారు లేచి, మన తీగను తన చేత్తోనే పీకి, చుట్ట చుట్టి, ఇనప్పెట్టెలో పెట్టారు.

"ఇగ రమ్మను. ఎట్లొస్తడో నేనూ చూస్త" అన్నారు.

తర్వాత ఫోన్ల వంతు వచ్చింది. "ఫోన్ గూడ చిన్న కంప్యూటరే గద" అని అందరి ఫోన్లూ బియ్యం డబ్బాలో పూడ్చారు. తడిసిన ఫోన్లోంచి నీళ్లు లాగినట్టు బియ్యం దీన్నీ లాగుతుందని ఆయన నమ్మకం. మీ శాఖ ఫోన్ పెసర్ల బస్తాలో పెట్టి మూతి కుట్టాలని ఆజ్ఞ. ఇకమీదట కబురేదైనా కాగితం మీదే, బస్సు కండక్టర్ సుమిత్ చేతిలోనే.

ఇంకొక మాట. దుకాణానికీ శాఖకూ కలిపి ఒక యాంటీవైరస్ ఎంచి, దీపావళి లక్ష్మీపూజలోపు తీగ మళ్లీ కలపాలి. ఎంచే పని నాకిచ్చారు. ఆలోపు కలవకపోతే కమలనగర్ శాఖ మూసేస్తారు. మాట అందని శాఖ శాఖ కాదన్నారు.

ఇట్లు,
కిష్టప్ప


కమలనగర్
ఆగస్టు 13

కిష్టప్పన్నకు,

మీ కవరు ఇస్తూ సుమిత్ మొహం వేలాడేసుకున్నాడు. "అక్కా, గీ కాలంల ఉత్తరమేంది? బీదర్ల ఎవలన్న పోయిన్రా?" అన్నాడు. లేదు నాయనా, ఇంకా చదవలేదు అన్నాను. చదివాక పోయేది నేనే అని తెలిసింది.

ముసురు పట్టింది, గలీబు మార్చాను, ఫోన్ బస్తాలో కుట్టు, మీ శాఖ మూసేస్తారు, ఇట్లు కిష్టప్ప. ఏం రాతన్నా అది! కూరంతా తిన్నాక అడుగున రాయి తగిలినట్టుంది.

చెప్పినట్టే ఫోన్ బస్తాలో కుట్టాను. ఆపడం మరిచిపోయాను. మధ్యాహ్నం అది మోగింది. బండి దించబోతున్న రైతు ఒకాయన ఆగి, "తాయీ, మీ పెసర్లు పాడుతున్నాయి" అని మరాఠీలో అని, తన సరుకు దించకుండానే బండి తిప్పుకుపోయాడు. ఆపమని మీ ఉత్తరంలో లేదు.

నా సంగతి మీకు పూర్తిగా తెలియదు. మా ఆయన పోయినప్పటి నుంచి ఈ శాఖ కాటానే నాకు అన్నం పెడుతోంది. ఇది పోతే ఉద్గీర్‌లో మా అన్న ఇల్లే దిక్కు. వదిన మంచిదే. పోయిన పండక్కి వెళితే రొట్టెల పీట నా ముందు పెట్టి, "నీ చేతి రొట్టెలే మెత్తగుంటయ్" అని మెచ్చుకుంది. నేను తిరిగి బస్సెక్కేదాకా మెచ్చుకుంటూనే ఉంది.

కాబట్టి అన్నా, మంచి యాంటీవైరస్ అక్కర్లేదు. దొరికిన యాంటీవైరస్ చాలు. త్వరగా కానివ్వండి.

భాగ్యజ్యోతి


బీదర్, గంజ్
ఆగస్టు 25

భాగ్యజ్యోతమ్మకు నమస్కారాలు.

సోమవారం. వాన తెరిపిచ్చింది. గోదాములో ఎలుక బోనులు కడిగి ఎండబెట్టాను.

ముగ్గురు వచ్చి మూడు యాంటీవైరస్‌లు చూపారు. బ్లూ మంగూస్, డోర్‌మ్యాన్ తెచ్చినవాళ్లు హైదరాబాద్ నుంచి టై కట్టుకుని వచ్చారు. మూడోది కొత్వాల్. తెచ్చింది మన ఊరి సిలాసు, బస్టాండ్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అతను.

మన దుకాణం జామీను పద్ధతి మీకు తెలుసు. ఎరిగిన ఇంటివాళ్లు ఎవరైనా పూచీ ఉంటేనే కొత్తవాడికి గుమ్మం లోపల పని. వాడు తప్పు చేస్తే జామీను ఉన్నవాళ్లూ వాడితో కలిసి మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కకూడదు. ఎలుకల కోసం పిల్లిని తెచ్చినప్పుడు పాలు పోసే రుక్మాబాయి దానికి జామీను ఉంది. ఆ పిల్లి పూజ నెయ్యి ముట్టినందుకు ఇప్పుడు మనకు పాలు వేరేవాళ్లు పోస్తున్నారు.

బ్లూ మంగూస్ అతను, "మీ ఫైళ్లన్నిటికీ పూర్తి పర్మిషన్ ఇస్తే చాలు సార్, మిగతాది ఇదే చూసుకుంటుంది" అన్నాడు.

సాహుకారు నావైపు తిరిగారు. "ఏందిరా కిష్టప్పా, వచ్చుడు వచ్చుడే తాళంచెవుల గుత్తి అడుగుతాండు? దీనికి జామీను ఎవలు?"

"విదేశంలో పెద్ద ల్యాబ్ సర్టిఫికెట్ ఇచ్చింది సార్."

"ఆ ఊరికి మనోళ్లెవలన్న పిల్లనిచ్చిన్రా? ఎవలనడిగి తెలుసుకోవాలె?"

డోర్‌మ్యాన్ అతను ముందుకొచ్చి, తనదాన్ని కోట్లమంది వాడుతున్నారన్నాడు.

"కోట్ల ఇండ్లు కాసేటోనికి నా ఇంటి మీద ధ్యాస ఏడుంటది? పో బాబూ, చాయ్ తాగి పో."

సిలాసు తెలివిగా వాళ్లమ్మను వెంట తెచ్చాడు. హేబ్సిబమ్మ ఆస్పత్రి నర్సుగా చేసి రిటైరయ్యారు. సాహుకారు పిల్లలందరికీ టీకాలు వేసిన చెయ్యి. ఆమెను చూసి సాహుకారు లేచి నిలబడ్డారు. ఆమె కుర్చీలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, కొత్వాల్ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశారు.

"నా కొడుక్కు నేను జామీనుంట సాహుకార్. వాడు దొంగతనం చెయ్యడు. అబద్ధం జర ఆడ్తడు. గానీ గీ డబ్బల ఉన్నోడు ఎవలో నాకేం ఎర్క?"

న్యాయమైన మాట. మూడింటికీ జామీను లేదు. పని అక్కడే ఆగింది.

కిష్టప్ప


కమలనగర్
ఆగస్టు 30

కిష్టప్పన్నకు,

ఇక్కడ వాన కాదు, ఆకాశం కింద పడింది. వాగులు రోడ్డెక్కాయి, సుమిత్ బస్సు రాలేదు. తడిసిన పెసర్లు కొనవద్దని సాహుకారు రాసిన చీటీ, నేను కొని ఆరబోసి మళ్లీ అమ్మేశాక నిన్న చేరింది. మునుపు ఒక్క ఫోన్‌తో పోయేది. ఇప్పుడు ఆయన మాట నాకు చేరేసరికి పని అయిపోయి ఉంటోంది. ఇట్లాంటి శాఖను ఎవరైనా మూస్తారు. ఆయన్ని నేను తప్పు పట్టను.

జామీను కథ చదివి హమాలీ జగదేవికి చెప్పాను. ఆమె బస్తా దించి దాని మీదే కూలబడి నవ్వింది. "ఆ కనిపియ్యనోనికి నేనుంట అక్కా జామీను, నాదేం పోయింది, నేనెట్లనూ మెట్ల కిందనే ఉంట" అంది.

అన్నా, నవ్వులాట పక్కన పెట్టి అడుగుతున్నాను. కొత్వాల్‌కు నేను జామీను ఉంటాను. నా సంతకం ఈ కాగితం కింద ఉంది. అది తప్పు చేస్తే మెట్లు దిగుతాను. చెయ్యకపోయినా దీపావళికి దిగేదాన్నే. నాకు తేడా ఏముంది?

వదిన కబురు పంపింది. వెనక గది ఖాళీ చేయిస్తోందట. గోధుమపిండి డబ్బా అక్కడే పెట్టించిందట, నాకు దగ్గరగా ఉంటుందని.

భాగ్యజ్యోతి


బీదర్, గంజ్
సెప్టెంబర్ 10

భాగ్యజ్యోతమ్మకు నమస్కారాలు.

బుధవారం. మబ్బు, గాలి లేదు. కాటా పళ్లేలు చింతపండుతో తోమాను.

మీ సంతకం సాహుకారుకు చూపలేదు. తన నౌకరీ కోసం తానే జామీను ఉండటం పద్ధతి కాదు. ఎలాగూ ఒప్పుకోరు. కాగితం నా దగ్గరే ఉంది.

సాహుకారు కాపలావాళ్లను పెట్టుకునే తీరు మీరు చూసే ఉంటారు. వచ్చిన వాళ్లందరినీ ఒకే గేటు మీద నిలబెట్టి, ఎవడు కునుకు తీస్తాడో చూస్తారు. యాంటీవైరస్‌లనూ అలాగే పరీక్షించాలన్నారు. మూడింటినీ మూల కంప్యూటర్‌లో ఒకేసారి ఎక్కించమన్నారు. సిలాసు చేతులు జోడించాడు.

"సాహుకార్, గట్ల పెట్టొద్దు. ఒకదాన్నొకటి దొంగ అనుకుంటయ్."

"అనుకోనియ్. దొంగ కాకపోతే భయమెందుకు?"

ఎక్కించాం. కాసేపు కంప్యూటర్ పిండిమరలా మోగింది. తర్వాత బ్లూ మంగూస్, డోర్‌మ్యాన్ అనేవాడు అనుమానాస్పదమని రాసింది. డోర్‌మ్యాన్, లోపల బ్లూ మంగూస్ అనే ప్రమాదం ఉందని రాసింది. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి విడిపించుకుంటోంది. హమాలీలంతా పని మానేసి కుస్తీ చూసినట్టు చుట్టూ చేరారు. ఇద్దరు బ్లూ మంగూస్ పక్షం. సాహుకారు ఎవరి పక్షమూ కాదు, కానీ గద్దె దిగి వచ్చి నిలబడ్డారు.

కొత్వాల్ చాలాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయిందనుకున్నాం. అంతలో ఒక్క వరుస రాసింది. ఇద్దరినీ క్వారంటైన్‌లో పెట్టానని.

"ఇద్దర్నీ జైల్ల ఏసిండు!" అని సాహుకారు తొడ చరిచారు. "గిసొంటోడు కావాలె. మాట తక్కువ, పని ఎక్కువ."

కొత్వాల్‌కు ఎరిగిన ఇంటివాళ్లు ఒకరు జామీను ఉన్నారు. కాబట్టి ఎంపిక అయినట్టే. ఇంకొక్క పరీక్ష మిగిలింది.

వచ్చే ఉత్తరాలకూ పోయే ఉత్తరాలకూ ఇవాళ్టి నుంచి సాంబ్రాణి పొగ పట్టాలని ఆజ్ఞ. వాసన వస్తే ఏమీ అనుకోవద్దు.

కిష్టప్ప


కమలనగర్
సెప్టెంబర్ 13

కిష్టప్పన్నకు,

మీ కవరు విప్పగానే శాఖంతా గుడిలా అయింది. కాటా దగ్గర నిలబడ్డ రైతులు చెప్పులు విడిచారు. ఆ ఒక్క కారణానికి ఆ రోజు తూకంలో ఎవరూ గొడవ పెట్టలేదు. పొగ ఆపవద్దని సాహుకారుకు చెప్పండి.

కుస్తీ సంగతి జగదేవికి రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి ఆమే చెప్పింది, నేను విన్నాను. ఆమె చెప్పినదాంట్లో కొత్వాల్‌కు మీసాలున్నాయి.

కానీ అన్నా, ఒక వరుస దగ్గర ఆగిపోయాను. ఎరిగిన ఇంటివాళ్లు ఒకరు అని రాశారు. ఎవరా ఒకరు? గలీబు మార్చింది రాస్తారు, బోనులు కడిగింది రాస్తారు, పళ్లేలు ఏ పండుతో తోమారో రాస్తారు. మనిషి పేరు దగ్గర చెయ్యి నొప్పి పుట్టిందా?

ఎవరైతేనేం, నా తరఫున వాళ్లకు దండం పెట్టండి. ముక్కూ మొహం తెలియని సాఫ్ట్‌వేర్ కోసం మెట్లు దిగడానికి సిద్ధపడినవాళ్లు మామూలువాళ్లు కారు. కొంచెం పిచ్చివాళ్లు కూడా అయ్యుంటారు.

ఇంకో పరీక్ష అంటే ఏమిటో? దసరా వచ్చేస్తోంది. వదిన రెండో కబురు పంపింది.

భాగ్యజ్యోతి


బీదర్, గంజ్
సెప్టెంబర్ 25

భాగ్యజ్యోతమ్మకు నమస్కారాలు.

గురువారం. పొద్దున ఎండ, సాయంత్రం జల్లు. గోదాము కప్పు మీద కదిలిన రేకు బిగించాను.

పరీక్ష ఇది. కొత్త కాపలావాడి మీదికి సాహుకారు తన మనిషినొకణ్ని దొంగలా పంపి, పట్టుకుంటాడా లేదా అని చూస్తారు. కొత్వాల్ మీదికి పంపడానికి వైరస్ కావాలి. తెమ్మని నన్ను పంపారు.

ఇంతమంది వైరస్‌కు భయపడుతున్నారు కదా, దొరకడం తేలికనుకున్నాను. కొనబోతే ఎవరి దగ్గరా లేదు. మొబైల్ దుకాణంలో, "మీ దగ్గర వైరస్ ఉందా అండీ?" అని అడిగాను. మిఠాయి పాచిపోయిందా అని అడిగినట్టు అతని మొహం ఎర్రబడింది.

"మా దుకాన్ల గసొంటివి ఉండయ్ కాకా. పక్కోని దగ్గరుంటయ్, పోయి అడుగు."

పక్కవాడు అతని దగ్గరికే పంపాడు. చివరకు కాలేజీ ముందున్న జిరాక్స్ దుకాణానికి వెళ్లి, కొత్త పెన్‌డ్రైవ్ ఇచ్చి ఒక కాగితం ప్రింట్ తీయించాను. సిలాసు చెప్పిన ఉపాయం. తిరిగిచ్చేసరికి అందులో అడగనివి చాలా చేరాయి. టిఫిన్ డబ్బాలో పెట్టి, ఎర్ర గుడ్డ కట్టి తెచ్చాను. ఆటోలో పక్కనున్నాయన ఏం కూరని అడిగాడు. చెప్పలేదు.

పెన్‌డ్రైవ్ పెట్టిన మరుక్షణం కొత్వాల్ అన్నింటినీ పట్టేసింది. హమాలీలు ఈలలు వేశారు. సాహుకారు పేడా మిఠాయి తెప్పించారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

కొత్వాల్ ఆగలేదు. గద్దె పక్క కంప్యూటర్‌లోకీ వెళ్లి, మనం రోజూ లెక్కలు రాసే ప్రోగ్రాంనే పట్టుకుంది. ఇది దొంగ సరుకు, తాళం పగలగొట్టి ఉంది, క్వారంటైన్‌లో పెట్టాను అని రాసింది. ఆ ప్రోగ్రాం సాహుకారు అల్లుడు యోగేందర్ తెచ్చి ఎక్కించింది.

పేడా అందరి నోళ్లలో అలాగే ఉండిపోయింది.

"తప్పు చూపిస్తాంది మామా, మెషీన్ గద" అన్నాడు యోగేందర్.

సాహుకారు నన్నడిగారు. "కిష్టప్పా, నువ్వు చెప్పు. నిజమేనా?"

"నిజమే" అన్నాను.

ఆయన పేడా పళ్లెం పక్కకు నెట్టి, "ఇంటల్లుని మీద చెయ్యేసినోడు నా దుకాన్ల ఉండరాదు. వాడు దిగుతడు, జామీనున్నోడూ దిగుతడు. ఆయుధ పూజ నాడు తేల్చి చెప్త" అన్నారు.

శాఖ సంగతి కూడా అప్పుడే తేలుతుంది. మీకు ముందే తెలియాలని రాశాను.

కిష్టప్ప


కమలనగర్
సెప్టెంబర్ 27

కిష్టప్పకు,

పైన ఒక మాట తగ్గింది. మరిచిపోయి కాదు.

సుమిత్ చెప్పాడు. వాడికి సిలాసు చెప్పాడట. కొత్వాల్ జామీను కాగితం మీద ఉన్న సంతకం మీదేనని. నేను దండం పెట్టమన్నది, పిచ్చివాళ్లన్నది మిమ్మల్నేనని.

ఆ గద్దె వెనక గది తప్ప మీకు ఇంకో ఇల్లు లేదు. చుట్టం లేదు. రేపు మెట్లు దిగితే ఎటు పోతారు? నాకు ఉద్గీర్ ఉంది, రొట్టెల పీటైనా ఉంది. మీకు అదీ లేదు. ఇంత చేసి నాకు రాసింది ఏమిటి? రేకు బిగించాను! పొద్దున ఎండ, సాయంత్రం జల్లు! అక్కడ మీ మెడకు ఉరి పడుతుంటే తాడు ఏ రంగుదో రాస్తారు మీరు.

ఆ సంతకం వెనక్కి తీసుకోండి. "నిజమే" అనకుండా ఉంటే సరిపోయేది. మెషీన్ పొరపాటు అంటే అయిపోయేది. ఆ ముక్క కూడా మీకు చేతకాలేదు.

కోపంలో రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామనుకుంటే సుమిత్ బస్సు తీసేస్తున్నాడు.

దీంతోపాటు సాహుకారు పేర వేరే కవరు పంపుతున్నాను. అది మీరు విప్పవద్దు. పొగ పట్టాలంటే పట్టుకోండి.

భాగ్యజ్యోతి


బీదర్, గంజ్
అక్టోబర్ 3

భాగ్యజ్యోతికి,

శుక్రవారం. దసరా మరునాడు. ఎండ బాగుంది. కంప్యూటర్ల మీద పసుపు కుంకుమలు తుడిచాను, మీటల సందుల్లోవి రాలేదు.

మీ కవరుకు పొగ పట్టి సాహుకారు చేతికిచ్చాను. ఆయుధ పూజ అయ్యాక, గద్దె ముందు అందరూ ఉండగా, తన కళ్లజోడు లోపలుందని నన్నే చదవమన్నారు. చదివాను. మీరు రాసింది మీకు తెలుసు, అయినా ఇక్కడ ఎలా వినిపించిందో చెప్తాను.

"దొంగను పట్టిన కాపలావాణ్ని మెట్లు దింపే ముందు ఒక్క సంగతి అడగండి. ఆ లెక్కల ప్రోగ్రాం మన గుమ్మం ఎక్కిన రోజు దానికి జామీను ఎవరున్నారు?"

పిల్లికి ఉన్నారు. కొత్వాల్‌కు ఉన్నారు. మన లెక్కలన్నీ చేతిలో పెట్టుకున్నదానికి ఎవరూ లేరు.

"అల్లుడు తెచ్చినదానికి జామీనేంది మామా?" అన్నాడు యోగేందర్.

హారతి పళ్లెంతో వచ్చిన సాహుకారు భార్య గంగాబాయమ్మగారు గడపలోనే ఆగారు. "ఏమయ్యా, నీకు పిల్లనిచ్చేటప్పుడు ఈయన బస్టాండ్ల చాయోన్ని గూడ అడిగిండు నువ్వెసొంటోనివని. నువ్వు తెచ్చినదాని గురించి ఒక్కన్నన్న అడిగిండా? అడుగుండ్రి ఆయన్నే."

సాహుకారు పగిడీ తీసి పక్కన పెట్టి, మళ్లీ పెట్టుకున్నారు. కోపం అల్లుడి మీదా తన మీదా అని ఆయనకే తెలియనట్టుంది. చివరకు లేచి వెళ్లి కొత్వాల్ ఉన్న కంప్యూటర్‌కు బంతిపువ్వు పెట్టారు.

"ఇంటోన్ని గూడ ఇడువనోడు దొరుకుడు కష్టం. వీడు ఉంటడు" అన్నారు. తర్వాత నావైపు చూడకుండా, "జామీనున్నోడు గూడ ఉంటడు" అన్నారు.

లెక్కల ప్రోగ్రాం అసలుది కొన్నారు. దానికి జామీను యోగేందర్. అప్పటి నుంచి అతను దాని పక్కనే కుర్చీ వేసుకుని, ఎవరు మీట నొక్కినా, "జర మెల్లగ" అంటున్నాడు.

సిలాసు వచ్చే వారం మీ దగ్గరికి వచ్చి తీగ కలుపుతాడు. శాఖ ఉంటుంది. వెనక గది అక్కర్లేదని మీ వదినకు రాయండి.

తీగ కలిశాక కాగితం ఉత్తరాలు ఉండవు. అన్నీ మెయిల్‌లోనే. ఒక నియమం పెట్టారు. ధరో, లారీ నంబరో లేని మెయిల్‌ను కొత్వాల్ ఆపేస్తుంది. ఆపినదాన్ని గద్దె ముందు పైకి చదివాకే విడుదల. కాబట్టి వేరే ఏమైనా రాయాలంటే ఆలోపే రాయాలి. నేను చాలా రాద్దామనుకుని కూర్చున్నాను.

సాయంత్రం గాలి పడమటి నుంచి వీస్తోంది.

కిష్టప్ప


కమలనగర్
అక్టోబర్ 16

కిష్టప్పకు,

నా పేరు వెనక అమ్మ లేదు. పొగలో కాలిందా, మీరే తీశారా?

సిలాసు వచ్చి వెళ్లాడు. ఫోన్‌ను బస్తాలోంచి తీశాం. దుమ్ము దులిపితే బతికే ఉంది. వదినకు కబురంపాను. పిండి డబ్బా మళ్లీ వంటింట్లోకి పోయిందట, తనే మోసిందట.

శాఖ నిలబడింది. నేనూ నిలబడ్డాను. దానికి మీకు ఏం చెప్పాలో రోజంతా వెతికి, రాత కుదరక, నిన్న సిలాసు పెట్టిన కొత్త కంప్యూటర్‌లో టైపు చేశాను. మూడు వరుసలు. ఇన్నాళ్లూ మీరు రాయకుండా వదిలేసినదాన్నంతా నేనే అందులో రాశాను. తప్పయితే తప్పని చెప్పండి. నొక్కాను. నొక్కిన తర్వాత మీ ఉత్తరం చివరి వరుసలు గుర్తొచ్చాయి. ధర లేదు. లారీ నంబర్ లేదు. కొత్వాల్ పట్టుకున్నట్టు నా తెర మీద వచ్చింది.

మీరు ఎవడికి జామీను ఉన్నారో వాడే మీకు వచ్చినదాన్ని పట్టాడు. ఏం మనిషిని ఎంచారు!

దాన్ని విప్పనివ్వద్దు. హమాలీల ముందు, యోగేందర్ ముందు, పేడా తింటూ వినే మాట కాదు అది. ఏం చేసి ఆపుతారో మీ ఇష్టం. వాన అని చెప్పండి, ఎండ అని చెప్పండి. లక్ష్మీపూజకు శాఖవాళ్లంతా రావాలని కబురొచ్చింది. సోమవారం సుమిత్ బస్సులో వస్తున్నాను. అందులో ఉన్నది నేనే చెప్తాను.

జ్యోతి


బీదర్, గంజ్
అక్టోబర్ 20

జ్యోతికి,

సోమవారం. పొద్దున చలి, ఇప్పుడు నీరెండ.

ఇది పంపడానికి బస్సు లేదు. దీన్ని తీసుకుపోవలసిన బస్సులోనే నువ్వు వస్తున్నావు. అయినా, ఎదురుగా నిలబడితే నాకు నోరు రాదని తెలిసి రాస్తున్నాను.

పూజ సామాను సర్దుతుండగా సాహుకారు కొత్వాల్ జాబితా చూశారు. "కమల్‌నగర్ నుంచి ఒకటి దొరికింది. ధర లేదు, లారీ లేదు. ఏందో విప్పి చదువురా" అన్నారు.

"వద్దు" అన్నాను.

గద్దె ముందు ఆ మాట అనడం నాకు ఇదే మొదలు. దండలు కట్టేవాళ్ల చేతులు ఆగిపోయాయి.

"ఎందుకొద్దు?"

"అది నాకొచ్చింది."

"దాంట్ల ఏమున్నదో నీకెర్కనా?"

"ఎర్కలేదు."

"మరి?"

"ఆమె వస్తాంది. వచ్చి చెప్తది."

"ధర చెప్తదా?" అని యోగేందర్ అన్నాడు. హమాలీలు మొహాలు తిప్పుకున్నారు. ఇంకేదో అడగబోతున్న సాహుకారును గంగాబాయమ్మగారు ఆపారు. "వాన్ని ఇడువుండ్రి. వాని మొకం జూడుండ్రి, కొత్వాల్ వాన్నే పట్టినట్టుంది."

సాహుకారు నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఎప్పుడూ లేనిది, నన్ను గద్దె చివర కూర్చోమన్నారు. కూర్చోలేదు. ఇక్కడికి వచ్చి ఇది రాస్తున్నాను.

నువ్వు రాసిన మూడు వరుసలు నేను చూడలేదు. చూడకుండానే నా జవాబు అవును. నువ్వు రాసింది అది కాకపోతే, నేను రాసింది అదే అనుకో.

గంజ్ గేటు దగ్గర సుమిత్ హారన్ వినిపిస్తోంది. ఇవాళ చేసిన పని ఇంకా రాయలేదు. పొద్దుటి నుంచి గుమ్మానికి బంతిపూల దండ... మెట్ల మీద నీ అడుగుల చప్పుడు.